పేపర్ డెవలపర్ ఎంచుకోవడం ఎలా: మన ఎండని, మన నీళ్లని లెక్కలోకి తీసుకుని

ఇంట్లో బ్లాక్ అండ్ వైట్ ప్రింట్లు వేయడం మొదలుపెట్టినవాళ్లు రెండో నెలకల్లా నన్ను అడిగే మాట ఒకటే. "అన్నా, ఏ డెవలపర్ తెప్పించమంటావ్?" డెవలపర్ అంటే వెలుతురు పడిన పేపర్ మీద బొమ్మని బయటికి తెచ్చే మందు. నెల్లూరు మూలాపేట నుంచి అడిగారు, కావలి నుంచి అడిగారు, ఒంగోలు నుంచి ఇద్దరు అడిగారు, కనిగిరి నుంచి ఒకాయన అయితే ఒకే నెలలో మూడుసార్లు. నేను పేరు చెప్పకుండా "మీ ఇంట్లో నీళ్లు ఎక్కడివి, మే నెలలో మీ గదిలో వేడి ఎంత" అని ఎదురు ప్రశ్న వేస్తే చిరాకు పడుతున్నారు. ఏం చేయమంటారు, ఆ రెండూ తెలియకుండా పేరు చెప్తే అది జాతకం చూడకుండా ముహూర్తం పెట్టినట్టే.

ఇప్పుడు దొరికే పేపర్ మీద పేరున్న రెండు డెవలపర్లతో ప్రింట్లు తీసి, ఆరాక పక్కపక్కన పెట్టి "ఏది దేంట్లో తీసిందో చెప్పు" అంటే నేను చెప్పలేను. చాలామంది చెప్పలేరు, ఒప్పుకోరంతే. కానీ ఒకే డెవలపర్‌ని ఒకసారి బోరు నీళ్లతో 33 డిగ్రీల దగ్గర, ఇంకోసారి క్యాన్ నీళ్లతో 22 దగ్గర వాడి చూడండి, ఆ తేడా గుమ్మంలో నిలబడినవాడికి కూడా కనపడుతుంది. అందుకే కింద డెవలపర్ రకాల గురించి కొంచెమే ఉంటుంది, దాన్ని మన దగ్గర ఎలా పనిచేయించాలి, పనిచేస్తోందో లేదో ఎలా చూసుకోవాలి అన్నది ఎక్కువ ఉంటుంది. ఎన్లార్జర్ (నెగటివ్ బొమ్మని పెద్దది చేసి పేపర్ మీద వేసే యంత్రం) వాడటం, ఫిల్ము కడగడం మీకు వచ్చనే అనుకుని రాస్తున్నాను.

కావలసినవి

- థర్మామీటరు. జ్వరం చూసేది కాదు, 0 నుంచి 50 డిగ్రీల దాకా చూపించేది.
- 0.01 గ్రాము దాకా తూచే చిన్న ఎలక్ట్రానిక్ కాటా. పొడులు విడిగా కొని మీరే కలుపుకునేటట్టయితేనే.
- మూడు ట్రేలు (డెవలపర్, దాని పని ఆపే స్టాపు, బొమ్మని నిలబెట్టే హైపో), మూడు పట్టకార్లు. పట్టకార్ల మీద రంగు టేపు చుట్టుకోండి, డెవలపర్‌ది ఎప్పటికీ డెవలపర్‌దే.
- డెవలపర్ ట్రే పట్టేంత వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బు. ఎండాకాలంలో ఇదే మీ ఏసీ.
- ఆర్‌వో ప్లాంటు నీళ్లు, 20 లీటర్ల క్యాన్ ఒకటి.
- టిక్కుటిక్కుమని వినపడే గోడ గడియారం. ఫోన్ వద్దు, తెర వెలుతురుకి పేపర్ పొగబారుతుంది, అంటే తెల్లగా ఉండాల్సిన చోట బూడిద రంగు పడుతుంది.
- చేతి తొడుగులు.
- ఒక పేపర్ ప్యాకెట్, అందులోంచి రెండు షీట్లు అంగుళం వెడల్పు ముక్కలుగా కోసుకోవడానికి. షీట్లు దండగ అని ఏడవకండి, ఈ రెండు షీట్లే మిగతా ప్యాకెట్‌ని కాపాడతాయి.
- మీకు బాగా తెలిసిన ఒక నెగటివ్. ఎలాంటిది కావాలో కింద చెప్తాను.

1. ముందు పేపర్ తేల్చుకోండి, తర్వాతే డెవలపర్

పాత ఫోటోగ్రఫీ పుస్తకాల్లో ఫలానా డెవలపర్ వాడితే గోధుమ రంగు, ఫలానాది వాడితే నీలి నలుపు అని పేజీలకు పేజీలు ఉంటుంది. అదంతా అబద్ధం కాదు, కానీ అప్పటి పేపర్ల గురించి రాసింది. మన ముందుతరం స్టూడియోలవాళ్లకు ఊటీలోని హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వారి ఇందు పేపర్ తెలుసు, ఆ కంపెనీ మూతపడింది. కోడాక్ 2005లో బ్లాక్ అండ్ వైట్ పేపర్ మానుకుంది. ఇవాళ తెప్పించుకుంటే ఎక్కువగా వచ్చేది ఇంగ్లండు ఇల్‌ఫోర్డో, చెక్ దేశపు ఫోమానో. వీటిలో మామూలు ఆర్‌సీ పేపర్, అంటే ప్లాస్టిక్ పూత ఉన్నది, డెవలపర్ మార్చినంత మాత్రాన రంగు పెద్దగా మార్చుకోదు. వార్మ్‌టోన్ (గోధుమ ఛాయ) అని రాసి ఉన్న పేపర్ మాత్రం కొంచెం మాట వింటుంది.

కాబట్టి మొదటి ఏడాది ఆర్‌సీ మల్టీగ్రేడ్ పేపర్ ఒక్కటే పెట్టుకోండి. కాంట్రాస్టు, అంటే నలుపు తెలుపుల మధ్య తేడా, ఎన్లార్జర్ ఫిల్టర్లతో మార్చుకోవచ్చు, దానికోసం డెవలపర్‌ని తిప్పలు పెట్టక్కర్లేదు. ఎవరింట్లోనైనా ఫిల్టర్లతో కాంట్రాస్టు మారని పాత గ్రేడ్ పేపర్ దొరికితే అప్పుడు మెత్తటి డెవలపర్, గట్టి డెవలపర్ అనే లెక్క పనికొస్తుంది, ఆ గొడవ ఇప్పుడు వద్దు.

2. మీరు నెలకి ఎన్నిసార్లు ప్రింట్లు వేస్తారో నిజం చెప్పుకోండి

ఎంపికంతా దీని మీదే నడుస్తుంది.

*నెలకి ఒకటి రెండుసార్లు అయితే:* ద్రవరూపంలో వచ్చే ఫెనిడోన్ రకం కొనండి. ఇల్‌ఫోర్డ్ మల్టీగ్రేడ్, పీక్యూ యూనివర్సల్ లాంటివి. ఒక వంతు మందుకి తొమ్మిది వంతుల నీళ్లు, అంటే 1+9. తూకాలు లేవు, వేడినీళ్లు లేవు. మల్టీగ్రేడ్ డెవలపర్‌లో 20 డిగ్రీల దగ్గర ఆర్‌సీ పేపర్‌కి ఒక నిమిషం, ఫైబర్ పేపర్‌కి (ప్లాస్టిక్ పూత లేనిది) రెండు నిమిషాలు. కలిపిన లీటరులో 8×10 ఆర్‌సీ ప్రింట్లు వంద దాకా వస్తాయని కంపెనీ లెక్క. ఇబ్బందల్లా ఒకటే, కొన్ని కొరియర్లు ద్రవాలు తీసుకోవు, తీసుకున్నా సీసా కారి వస్తే గొడవ.

*వారం వారం వేస్తే:* పొడి రకం. మెటాల్, హైడ్రోక్వినోన్ కలిసినది. కోడాక్ డెక్టాల్ ఈ జాతిదే. దానికి దగ్గరి చుట్టం డీ-72, ఫార్ములా దశాబ్దాలుగా అందరికీ తెలిసిందే, మీరే కలుపుకోవచ్చు. నేను వాడేది ఇదే. మందు కొరత వచ్చినా, దిగుమతి ఆగినా మన పని ఆగదు.

*వార్మ్‌టోన్ ఫైబర్ పేపర్ వాడుతుంటే మాత్రమే* వార్మ్‌టోన్ డెవలపర్. ఆర్‌సీ పేపర్‌కి దీన్ని కొనడం మల్లెపూలకి సెంటు కొట్టడం.

*విటమిన్ సీ రకం:* చర్మానికి మేలు, వాసన తక్కువ, పారబోయడం సులువు. కానీ దీనికొక పాడు గుణం ఉంది. మెటాల్ డెవలపర్ చచ్చిపోయేముందు డికాషన్ రంగుకి తిరిగి మనకి కబురు పెడుతుంది, ఇది నీళ్లలా తేటగా ఉంటూనే చచ్చిపోయి ఉండొచ్చు. నీళ్లలో ఇనుము ఉంటే ఇంకా త్వరగా పోతుంది. పరీక్ష ముక్క వేయకుండా దీంతో పని మొదలుపెట్టకండి.

ఇంకొకటి. ఫిల్ము కోసం తెచ్చిన డీ-76 ఉంది కదా, దాంట్లోనే పేపర్ కడగొచ్చా అని అడుగుతారు. బొమ్మ వస్తుంది, చాలాసేపు పడుతుంది, నలుపు నలుపుగా రాదు. పప్పుచారులో ఉప్పు మరిచిపోయినట్టు ఉంటుంది ఆ ప్రింటు.

3. నీళ్లు

మీ బాత్రూమ్ బకెట్ అంచున తెల్లటి చార కట్టి ఉందా? ఉంటే ఆ నీళ్లు డెవలపర్‌కి వద్దు. పేపర్ డెవలపర్‌లో కార్బొనేటు, సల్ఫైటు దండిగా ఉంటాయి, ఉప్పునీళ్లలో ఉన్న కాల్షియం వాటితో కలిసి తెల్లటి సున్నంలా దిగుతుంది. ట్రే అడుగున మడ్డి, ప్రింటు మీద గీరితే పోయే పొర, నీళ్ల మీద తేలే తెట్టు, ఇవన్నీ అదే.

- స్టాకు (పలచన చేయకముందు ఉండే చిక్కటి మందు) కలపడానికి, దాన్ని పలచన చేయడానికి ఆర్‌వో క్యాన్ నీళ్లు. కనిగిరి వైపు ఫ్లోరైడ్ భయానికి ఎలాగూ తాగేది అవే కాబట్టి కొత్త ఖర్చు ఏమీ కాదు.
- ఇన్వర్టర్ బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్ కూడా బ్రహ్మాండం, కానీ చిన్న సీసాల్లో కొంటే ఖర్చు. బ్యాటరీ యాసిడ్ సీసా కూడా ఆ షాపులోనే ఉంటుంది, పేరు చదివి కొనండి.
- ప్రింట్లు చివర కడుక్కోవడానికి మామూలు కొళాయి నీళ్లు చాలు. ఆఖరి ముంపు మాత్రం క్యాన్ నీళ్లలో ముంచితే చారలు పడవు.

4. డీ-72 కలపడం

ద్రవం కొన్నవాళ్లు ఇది వదిలేసి ఐదుకి వెళ్లండి. ఒక లీటరు స్టాకుకి:

- 50 డిగ్రీల వేడినీళ్లు 700 మిల్లీలీటర్లు
- మెటాల్ 3 గ్రాములు
- సోడియం సల్ఫైట్, అన్‌హైడ్రస్ (స్ఫటికాల్లో నీరు లేనిది), 45 గ్రాములు
- హైడ్రోక్వినోన్ 12 గ్రాములు
- సోడియం కార్బొనేట్, అన్‌హైడ్రస్, 68 గ్రాములు
- పొటాషియం బ్రోమైడ్ 2 గ్రాములు
- చల్లటి నీళ్లు, మొత్తం లీటరు అయ్యేదాకా

ఈ వరసలోనే వేయాలి, ఒకటి పూర్తిగా కరిగాకే ఇంకోటి. ముందుగా సల్ఫైట్ ఒక చిటికెడు వేసి, తర్వాత మెటాల్ వేయండి, అది కరిగాక మిగతా సల్ఫైట్. సల్ఫైట్ అంతా ముందే గుమ్మరిస్తే మెటాల్ కరగకుండా మొండికేసి తెల్లటి నలుసుల్లా తేలుతుంది. నలుసులు కనపడితే అటు ఇటు కలుపుతూ కూర్చోవద్దు, ఆ లీటరు పారబోసి మళ్లీ మొదలుపెట్టండి.

వాడేటప్పుడు 1+2, అంటే ఒక వంతు స్టాకు, రెండు వంతుల నీళ్లు.

ఇక షాపులో జరిగే మోసాలు. మోసాలు అనకూడదేమో, పేర్లు అలా ఉన్నాయి మరి.

*సల్ఫైట్, సల్ఫేట్, సల్ఫైడ్, బైసల్ఫైట్ నాలుగూ వేరు.* మొదట్లో నేను నోటిమాటతో చెప్పి తెచ్చుకున్నాను. కవరు మీద పెన్నుతో రాసింది సరిగ్గా చూడలేదు. రాత్రి కలిపాను, తేటగా బంగారంలా ఉంది, ట్రేలో పోశాను. మొదటి ప్రింటు బాగానే వచ్చింది. మూడో ప్రింటుకి ట్రేలో టీ ఉంది. ఐదో ప్రింటు తెల్ల అంచులు పాత పెళ్లి శుభలేఖలా పసుపెక్కాయి. రెండు గంటలు సేఫ్‌లైటు (డార్క్‌రూమ్‌లో వేసే ఎర్ర లైటు) మార్చి, పట్టకారు మార్చి, ఆఖరికి లైటు వేసి కవరు చదివితే సోడియం సల్ఫేట్. డెవలపర్‌ని గాలి నుంచి కాపాడేది సల్ఫైటే, అది లేకపోతే జరిగేది ఇదే. అప్పట్నుంచి కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఇస్తాను, తెచ్చాక లేబుల్ రెండుసార్లు చదువుతాను. సల్ఫైడ్ వస్తే మటుకు మీకే తెలుస్తుంది, ఇల్లంతా కుళ్లిన గుడ్ల వాసన. డార్క్‌రూమ్‌లో దాన్ని ఉంచకండి, పేపర్‌ని పాడుచేస్తుంది.

*కార్బొనేట్ అంటే వంట సోడా కాదు.* వంట సోడా బైకార్బొనేట్, దాంతో కలిపితే బొమ్మ బూడిద రంగు దగ్గరే ఆగిపోతుంది. కావలసింది బట్టల సోడా జాతి. అందులోనూ మూడు రూపాలు ఉన్నాయి. అన్‌హైడ్రస్ అయితే 68 గ్రాములు, మోనోహైడ్రేట్ అయితే 80, పెద్ద పెద్ద స్ఫటికాల డెకాహైడ్రేట్ అయితే 183 గ్రాములు. డబ్బా మీద చూసి తూచండి. ఏదీ దొరకని ఊళ్లో ఉన్నారా, వంట సోడా 107 గ్రాములు స్టీలు మూకుట్లో బాగా వేడెక్కేదాకా, పొంగులు పూర్తిగా ఆగేదాకా వేయిస్తే దాదాపు ఆ 68 గ్రాముల కార్బొనేట్ మిగులుతుంది. అల్యూమినియం మూకుడు వద్దు. వేయించాక ఆ మూకుడు మళ్లీ వంటింట్లోకి వెళ్లేముందు బాగా తోమండి, లేకపోతే నాకు తిట్లు.

*గ్లైసిన్ అని పేరున్న మందు.* అన్స్‌కో 130 అనే డెవలపర్‌లో వేస్తారు, చాలాకాలం నిలవుంటుందని పేరు. జిమ్ముకి వెళ్లేవాళ్లు తాగే పొడి డబ్బా మీద కూడా అదే పేరు కనపడుతుంది. రెండూ ఒకటి కాదు. ఇద్దరు అప్పటికే కొనేసి నన్ను అడిగారు.

చేతులు: మెటాల్ కొందరికి పడదు. మొదట్లో ఏమీ ఉండదు, నెలల తర్వాత వేళ్ల సందుల్లో దురద మొదలై ఇక వదలదు. తొడుగు వేసుకోండి, పట్టకారు వాడండి. అప్పటికే దురద వస్తున్నవాళ్లు ఫెనిడోన్ రకానికి మారిపోండి, మొండితనం వద్దు. తూచేటప్పుడు ముక్కుకి గుడ్డ కట్టుకుని, ఫ్యాను ఆపి తూచండి.

5. వేడి

సీసాల మీద రాసే టైములన్నీ 20 డిగ్రీలకి. మన దగ్గర జనవరి తెల్లవారుజామున తప్ప ఆ 20 ఎప్పుడు వస్తుంది చెప్పండి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, ట్రేలో మందు మాత్రం చల్లగా ఉంటుందా? వేడెక్కితే మూడు జరుగుతాయి: బొమ్మ తొందరగా పైకి వస్తుంది, హైడ్రోక్వినోన్ రెచ్చిపోయి కాంట్రాస్టు పెరుగుతుంది, తెల్లగా ఉండాల్సిన చోట పొగ పడుతుంది. 24 డిగ్రీల దాకా నాకేం టెన్షన్ ఉండదు. ఆ పైన ఇవి చేస్తాను, ఈ వరసలోనే:

మొదటిది, రాత్రి పదకొండు తర్వాతే పని. మధ్యాహ్నం రేకుల కప్పు కింద ప్రింట్లు వేస్తామనేవాళ్లకి నా దగ్గర మందు లేదు.

రెండోది, పలచన చేసే నీళ్లు ముందే ఫ్రిజ్‌లో పెట్టి, స్టాకుతో కలిపేటప్పుడు థర్మామీటరు చూస్తూ 21 దగ్గరకి తెచ్చుకోండి. ఫ్రిజ్ లేకపోతే మట్టి కుండ నీళ్లు, గది వేడి కంటే కొన్ని డిగ్రీలు తక్కువే ఉంటాయి.

మూడోది, టబ్బులో నీళ్లు పోసి, ఐసు కట్టిన నీళ్ల సీసాలు రెండు అందులో వేసి, డెవలపర్ ట్రేని ఆ నీళ్లలో కూర్చోబెట్టండి. ఐసు ముక్కలు నేరుగా డెవలపర్‌లో వేయకండి, కరిగేకొద్దీ మందు పలచనై మొదటి ప్రింటుకీ పదో ప్రింటుకీ పొంతన ఉండదు. స్టాపు, హైపో ట్రేలు కూడా మరీ వేడిగా ఉండకూడదు, పేపర్ మీది పూత మెత్తబడి గీతలు పడతాయి.

నాలుగోది, ఇంతచేసినా 28, 30 దగ్గరే ఉంటే డీ-72ని 1+2 బదులు 1+3 కలపండి, లీటరుకి పదిశాతం బ్రోమైడ్ ద్రావణం 5 మిల్లీలీటర్లు చేర్చండి. పొగ తగ్గుతుంది. ఎక్స్‌పోజర్ కొంచెం పెంచాల్సి వస్తుంది, కాబట్టి పరీక్ష ముక్క మళ్లీ వేసుకోండి. బ్రోమైడ్ బదులు బెంజోట్రయజోల్ వాడితే నలుపు కొంచెం నీలి వైపు వెళ్తుంది, కొందరికి అదే ఇష్టం.

6. ఎంతసేపు ఉంచాలో మీ ట్రేనే చెప్పించండి

అన్నిటికంటే ఎక్కువమంది తప్పుచేసేది ఇక్కడే. ఎర్ర లైటు కింద ప్రింటు ఎప్పుడూ ఉన్నదానికంటే నల్లగా కనపడుతుంది. "అయ్యో మాడిపోతోంది" అని ముప్ఫై సెకన్లకే లాగేస్తారు. లైటు వేసి చూస్తే బురద, మరకలు మరకలుగా ఉంటుంది. అప్పుడు డెవలపర్ మంచిది కాదంటారు. మాడిపోతున్నట్టు ఉంటే తప్పు ఎక్స్‌పోజర్‌ది. ట్రేలో టైము తగ్గించకండి, ఎన్లార్జర్ కింద తగ్గించండి.

పరీక్ష ఇలా చేయండి. నెగటివ్ లేకుండా ఎన్లార్జర్ వెలుతురు పడేటట్టు పెట్టి, ఒక షీటు సగం మీద అట్ట కప్పి, మిగతా సగానికి మీ మామూలు ప్రింటులో ముదురు నలుపు ఇచ్చేంత ఎక్స్‌పోజర్ ఇవ్వండి. అడ్డంగా ఐదు ముక్కలు కోయండి, ప్రతి ముక్కలో నలుపు సగం, తెలుపు సగం ఉండాలి. వెనక పెన్సిల్‌తో 1 నుంచి 5 దాకా రాసుకోండి. 30, 45, 60, 90, 120 సెకన్లు ఒక్కొక్కటి డెవలపర్‌లో ఉంచి, స్టాపు, హైపో చేసి, కడిగి, ఆరబెట్టి, పగటి వెలుతురులో పక్కపక్కన పెట్టండి.

ఎక్కడి నుంచి నలుపు ఇంక పెరగడం లేదో చూడండి. 60కీ 90కీ తేడా లేదా, మీ కనీస టైము 60. అదే వేడిలో దానికి తక్కువ ఎప్పుడూ చేయకండి. ఇక తెలుపు వైపు చూడండి, 120 సెకన్ల ముక్కలో తెలుపు బూడిదబారితే అదే మీ పైహద్దు. ఈ రెండిటి మధ్య ఎక్కడైనా నిశ్చింతగా ఉండొచ్చు. ఫైబర్ పేపర్‌కి ఈ అంకెలన్నీ రెట్టింపు చేసి చూడండి.

ఇంకో పాత కిటుకు, వేడి ఊళ్లలో చాలా పనికొస్తుంది. పరీక్ష రోజునే మీ మామూలు నెగటివ్ ఒకటి ప్రింటు వేస్తూ, మందులో పడ్డ దగ్గర్నుంచి బొమ్మ మొదటి ఛాయ ఎన్ని సెకన్లకి కనపడిందో లెక్కపెట్టండి. ఉదాహరణకి 10 సెకన్లు, పూర్తి టైము 60, అంటే మీ లెక్క ఆరు రెట్లు. ఇంకో రాత్రి వేడి ఎక్కువై ఛాయ 8 సెకన్లకే వచ్చిందా, 48 సెకన్లు ఉంచండి. మందు అలిసిపోయి 14కి వచ్చిందా, 84 సెకన్లు. పెన్సిల్‌తో గోడ మీద రాసిపెట్టుకోండి, థర్మామీటరు పగిలిన రోజున కూడా పని జరుగుతుంది.

7. పొగ ఎవరిదో తేల్చండి

తెల్ల అంచు తెల్లగా లేకపోతే అందరూ డెవలపర్‌నే తిడతారు. మూడు ముక్కలతో తేలిపోతుంది. ఎర్ర లైటు కూడా ఆపేసి, పూర్తి చీకట్లో ఒక ముక్కని తిన్నగా హైపోలో వేయండి. రెండో ముక్కని చీకట్లోనే డెవలపర్‌లో పూర్తి టైము ఉంచి, తర్వాత హైపోలో వేయండి. మూడోదాన్ని పేపర్ ఉంచేచోట సేఫ్‌లైటు కింద, మీద రూపాయి బిళ్ల పెట్టి, ఐదు నిమిషాలు వదిలేసి తర్వాత కడగండి.

మొదటిది తెలుపు, రెండోది బూడిద అయితే పేపర్ పాతదైనా అయ్యుండాలి, డెవలపర్ వేడిగానో తేడాగానో అయినా ఉండాలి. బ్రోమైడ్ వేసి, చల్లబరిచి మళ్లీ చూడండి. తగ్గకపోతే పేపర్‌దే పాపం. మొదటి రెండూ తెల్లగా ఉండి మూడోదాంట్లో బిళ్ల గుండ్రంగా కనపడితే మీ ఎర్ర బల్బు దొంగ. కరెంటు షాపులో దొరికే ఎర్ర రంగు జీరో బల్బులు అన్నీ పేపర్‌కి క్షేమం కాదు, రంగు పూత సందుల్లోంచి తెల్ల వెలుతురు కారుతుంది.

8. నిజంగా రెండు డెవలపర్లు పోల్చి చూడాలనుకుంటే

మీ దగ్గర ఒంగోలు గిత్త నెగటివ్ ఉంటే అంతకంటే మంచి పరీక్ష లేదు, సరదాకి చెప్పడం లేదు. తెల్లటి ఒళ్లు, ఎండలో మూపురం మీద మెరుపు, కంటి చుట్టూ కాటుక పెట్టినట్టు నల్లటి చార, నల్లటి ముట్టె. ప్రింటులో మూపురం మీద వెంట్రుకల తీరు కనపడాలి, ముట్టె మీద తడి మెరుపు విడిగా తెలియాలి, అదే సమయంలో కంటి చార బొగ్గులా ఉండాలి. మూపురం సుద్దముక్కలా తెల్లబోతే కాంట్రాస్టు ఎక్కువైంది. కంటి చార బూడిద రంగులో ఉంటే డెవలపింగు పూర్తి కాలేదు లేదా మందు అలిసిపోయింది. గిత్త లేకపోతే తెల్ల పంచె కట్టుకుని నీడలో కూర్చున్న తాతయ్య అయినా సరే.

పోల్చేటప్పుడు నలుపు సమానంగా వచ్చేటట్టు ఒక్కోదానికి ఎక్స్‌పోజర్ విడిగా సరిచేసుకోవాలి. ఒకే ఎక్స్‌పోజర్ ఇచ్చి రెండు ట్రేల్లో వేసి "ఇది నల్లగా ఉంది, ఇది మంచిది" అనడం చాలామంది చేసే పని. రెండు ప్రింట్లూ పూర్తిగా ఆరాకే తీర్పు చెప్పండి, ఎందుకంటే తడిమీద మెరిసిన తెలుపు ఆరాక ఒక మెట్టు దిగుతుంది, ఫైబర్ పేపర్‌లో మరీను.

తరచు వచ్చే తంటాలు

నలుపు మొదట్లో బాగుండి పోనుపోను చప్పబడుతోంది: మందు అలిసింది. 1+2 కలిపిన డీ-72 లీటరుకి 8×10 ప్రింట్లు ముప్ఫై దాకా లెక్కపెట్టుకోండి, వేడి రాత్రుల్లో ఇంకా తక్కువ. ట్రేలో పోసిన మందు మర్నాటికి దాచకండి.

ఉన్నట్టుండి బొమ్మ సరిగ్గా రావడం లేదు: హైపో పట్టకారు డెవలపర్‌లో మునిగి ఉంటుంది, లేదా హైపో తడి వేళ్లతో పేపర్ పట్టుకుని ఉంటారు. వేళ్లయితే ప్రింటు మీద వేలిముద్రే సాక్ష్యం.

మచ్చలు, మేఘాలు: పేపర్‌ని మందులోకి ఒక్క ఊపులో జార్చలేదు, లేదా ట్రే మూలని ఎత్తి దించడం మానేసి గడియారం చూస్తూ నిలబడ్డారు.

ప్రింటు మీద చిన్న బుడగ మచ్చలు: స్టాపు మరీ ఘాటుగా కలిపారు. కార్బొనేట్ యాసిడ్ తగలగానే పొంగుతుంది. తెల్ల వెనిగర్ వాడేవాళ్లు సమానంగా నీళ్లు పోసుకోండి, చాలు.

హైపో దొరకడం లేదని అడిగేవాళ్లకి: మన కోస్తాలో రొయ్యల మందుల షాపుల్లో సోడియం థయోసల్ఫేట్ అని అడగండి, నీళ్లలో క్లోరిన్ విరగ్గొట్టడానికి హేచరీలవాళ్లు వాడేది అదే. తేటగా ఉండే స్ఫటికాలు తీసుకోండి. వాడేసిన హైపోలో వెండి ఉంటుంది, దాన్ని మాత్రం కాలవలోకో చెరువు గట్టుకో వదలకండి, పక్కనే రొయ్యల గుంట ఉంటే మరీను. డబ్బాలో పోగుచేసి, పాత ఎక్స్‌రే ఫిల్ములు కొని వెండి తీసేవాళ్లు మీ దగ్గర్లో ఉంటే వాళ్లకి ఇవ్వండి.

నిలవ

స్టాకు సీసా నిండుగా మూత బిగించి ఉంటే ఆరు నెలలు, సగం సీసా అయితే రెండు నెలలు, మన ఎండలకి అందులోనూ కొంత కోత వేసుకోండి. లీటరు ఒకే సీసాలో కాకుండా నాలుగు పావులీటరు సీసాల్లో పోస్తే ఒకటి తెరిచినా మిగతావి నిండుగానే ఉంటాయి. కూల్‌డ్రింకు సీసాల్లో పోయడం నాకు భయం, ఇంట్లో పిల్లలుంటే అసలే వద్దు. పోయక తప్పదనుకుంటే పాత లేబుల్ పూర్తిగా పీకి, "విషం" అని రాసి, కలిపిన తేదీ వేసి, అటక మీద పెట్టండి.

పని మొదలుపెట్టేముందు ప్రతిసారీ గదిలో వెలుతురు తగిలిన ఒక పేపర్ తునక ట్రేలో వేయండి. నిమిషంలోపు చిక్కటి నలుపు రాకపోతే ఆ రాత్రికి ఆ మందు వద్దు.

సీసా ఖాళీ అయ్యేకొద్దీ గాలి చేరకుండా పాతకాలం వాళ్లు గాజు గోళీలు వేసి మట్టం పైకి తెచ్చేవాళ్లు, నేనూ అదే చేస్తున్నాను, ఒక లీటరు సీసాకి పెద్ద డబ్బాడు గోళీలు పడతాయి. వేసేముందు కడిగి ఆరబెట్టండి, మట్టిలో ఆడి తెచ్చిన గోళీలతో ఒకసారి నా స్టాకంతా బురదయింది.